సబ్బు బిళ్ళ, క్రీము గొట్టం

గడ్డం గీసుకోవడంలో నా అంత చేయి తిరిగినవాడు సిద్దిపేట మొత్తంలో ఇంకొకడు లేడని రాసి దీన్ని మొదలుపెట్టాను. టేబులు తుడవడానికి వచ్చిన మా ఆవిడ విమల ఆ వాక్యం చదివి, కాగితం మీంచి కళ్ళెత్తి నా గదవ వంక చూసింది. అందుకని కొంచెం తగ్గించాను: మా వాడకట్టులో లేడు. అదీ ఎక్కువే. మా ఇంట్లో లేడు. ఈ మాటకు మాత్రం కట్టుబడి ఉంటాను, ఎందుకంటే మా ఇంట్లో గడ్డం ఉన్నవాణ్ణి నేనొక్కడినే.

ఆమె నా గదవ వంక ఎందుకు చూసిందో చెప్పాలి. ఈమధ్య దాని మీద ఒక గాటు మానకముందే ఇంకో గాటు పడుతోంది. నిన్న పొద్దున పడ్డదానికి పేపరు ముక్క అంటించుకుని వచ్చి చాయకు కూర్చున్నాను.

"గిదేంది మల్ల?" అంది విమల.

"క్రీము ఖరాబున్నది. కొత్త గొట్టం. బ్లేడు జారుతలేదు."

"పోయిన నెల బ్లేడే ఖరాబున్నదంటివి."

"గది అప్పుడు."

"అంతకుముందు అద్దం."

"అద్దంల మచ్చ ఉన్నది. నువ్వు చూసినవ్ గద."

"చూసిన. ఇగ కటింగ్ షాపుకు పో. ఆయన గీస్తడు, నువ్వు కూసోని ముచ్చట్లు చెప్పు. నీకు కావాల్సింది గదే గద."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూస్తున్నది నా గదవను కాదు, నా చేతిలోని చాయ గ్లాసును. చాయ గ్లాసు అంచుదాకా వచ్చి వెనక్కి పోతోంది. రెండో చేయి కూడా గ్లాసు మీద వేశాను, చలి కాచుకుంటున్నవాడిలా. ఎండాకాలం.

కటింగ్ షాపుకు పోవడం నాకు నామోషీ కాదు. జుట్టుకు పోతూనే ఉన్నాను. గడ్డం వేరు. మొదటి వెంట్రుక మొలిచినప్పటి నుంచి నా గడ్డం నేనే గీసుకున్నాను. రేజరు ఇంకొకరి చేతికి ఇచ్చిన రోజున, దాని వెనకాల ఇంకా ఏమేమి ఇవ్వాల్సి వస్తుందో నాకు తెలుసు: బండి తాళం, బ్యాంకులో సంతకం, బస్సెక్కేటప్పుడు భుజం. విమలకూ తెలుసు. ఇంత పెద్ద సంగతిని మేమిద్దరం నెలల తరబడి క్రీము గురించి, బ్లేడు గురించి మాట్లాడుకుంటూ నెట్టుకొస్తున్నాం.

చాయ సగంలో వదిలేసి లేచాను. ఈమధ్య నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. నిన్న మాత్రం పోవడానికి ఒక పని దొరికింది. బజారుకు పోయి గడ్డం గీసుకునే సబ్బు, క్రీము కాదు, పాతకాలపు గుండ్రటి సబ్బు బిళ్ళ కొనుక్కురావాలి. అదొక్కటి దొరికితే గాట్లు వాటంతటవే ఆగిపోతాయని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. దాదాపు నమ్మాను కూడా.

అన్వర్ దుకాణం వాళ్ళ అబ్బా కాలం నుంచి అక్కడే ఉంది. పేరుకు జనరల్ స్టోర్స్, లోపల మాత్రం ఏది ఎక్కడుందో అన్వర్‌కే తెలియాలి.

"గడ్డం సబ్బు ఉన్నదా?" అన్నాను.

"సబ్బా? క్రీమున్నది, ఫోమున్నది, జెల్లున్నది చాచా. సబ్బు ఎవలడుగుతుండ్రు ఇప్పుడు?"

"నేనడుగుతున్న."

"మీరు అడుగుతరు చాచా. కొనరు." అంటూనే స్టూలెక్కాడు. పై అరలో డబ్బాలు జరిపి జరిపి, దుమ్ముపట్టిన ఒక చిన్న గిన్నె తీశాడు. మూత తీస్తే లోపల తెల్లటి బిళ్ళ. "ఏక్ హీ హై, ఒక్కటే ఉన్నది. మంచిగ ఆలోచించుకోండ్రి. క్రీమైతే గింత ఏస్తె చాలు, పొంగుతది. దీన్ని రుద్ది రుద్ది చెయ్యి పడిపోతది."

"పడిపోయే చెయ్యి కాదిది. ఒకప్పుడు బస్సు డిపో మొత్తం ఈ చేతి మీద నడిచింది."

అన్వర్ మర్యాద తెలిసినవాడు, తలూపాడు. పాఠకులకు నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నా చేతి మీద నడిచింది డిపో కాదు, డిపో హాజరు పట్టీ.

బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దానికి పెద్దగా వాసన మిగల్లేదు. అయినా నాకు గంజి వాసన వచ్చింది. సబ్బులో గంజి ఉండదు. గంజి మా ఇంట్లో ఉండేది.

మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో సగం గుంట మగ్గమే. నేలలో తొడలోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి తొక్కుతూ నేసేవాడు బాపు. అద్దం తగిలించింది ఆ గదిలోనే. గడ్డం గీసుకునేది మాత్రం వాకిట్లో, అందరూ చూసేలా. వాడకట్టులో మిగతా మగవాళ్ళందరికీ మంగలి వచ్చి గీసిపోయేవాడు. బాపు ఒక్కడే తన గడ్డం తాను గీసుకునేవాడు. పట్నంలో ఒక నవాబు కొలువులో నేర్చుకున్నాడని బళ్ళో పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. నేర్చుకున్నది సోలాపూర్‌లో, మిల్లుపనికి పోయినప్పుడు, ఒకే గదిలో ఉండే ఒక కూలాయన దగ్గర. కానీ వాకిట్లో పీట వేసుకుని, తువ్వాల భుజాన వేసుకుని, సత్తు గిన్నెలో సబ్బు బిళ్ళ పెట్టుకుని కూర్చుంటే నవాబు మాట పిల్లలు సులువుగానే నమ్మారు.

మా ఇంట్లో రెండు కుంచెలు ఉండేవి. ఒకటి మూరెడు, పడుగుకు గంజి పట్టించేది. పొద్దున్నే వీధి పొడుగునా నూలు పోగులు సాగదీసి కట్టి, అమ్మ ఒకవైపు, మా అక్క ఒకవైపు ఆ కుంచెతో గంజి దువ్వుకుంటూ పోయేవాళ్ళు. రెండోది బొటనవేలంత, బాపు గడ్డానిది. బాపుకు రెండూ ఒకటే విద్య. నురుగును రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీసి చూసేవాడు, అచ్చం గంజి చిక్కదనం చూసినట్టు. చాలకపోతే మళ్ళీ రుద్దేవాడు. ముఖానికి పట్టించాక, ఎవరు చెప్పినా వినకుండా కాసేపు ఆరనిచ్చేవాడు. పడుగు మీద గంజి ఆరాలి, అప్పుడే పోగు బిగుస్తుంది. ముఖం మీది నురుగు ఆరితే బ్లేడు పట్టేస్తుందని ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆరిన నురుగు మీద కూడా ఏళ్ళ తరబడి ఒక్క గాటు లేకుండా గీసుకున్నాడంటే ఆ చేయి ఎలాంటిదో చూడండి. ఆ చేత్తోనే చీర అంచు మీద బొమ్మలు తీసేవాడు. ఆయన తీసిన నెమలి అంచు మీంచి ఎగిరిపోతుందేమోనని నేను దాని పక్కన కాపలా పడుకునేవాణ్ణి. సరే, పడుకోలేదు. కానీ చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ అంచు పనికి నూలు ఇచ్చేవాడు సేటు. వారం వారం మా వీధిలోకి వచ్చి, ఇంటింటి మగ్గం దగ్గరా నిలబడి, నేసిన గుడ్డ మీద వేలు పెట్టి నడిపించేవాడు. ఎవరి చేయి నిలకడగా ఉంటే వాళ్ళకు అంచు నూలు, మిగతావాళ్ళకు సాదా నూలు. అంచు పని చేసే ఇల్లంటే వీధిలో ఒక లెక్క. అమ్మ బిందెతో బావి దగ్గరికి పోతే పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు.

అలాంటి బాపు ముఖం మీద ఒక రోజు గాటు కనిపించింది. తర్వాత ఇంకోటి.

మొదట నీళ్ళను అన్నాం. మా బావి నీళ్ళు ఉప్పు, నురుగు పట్టదు. అక్క పక్క వాడ నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చింది. గాట్లు ఆగలేదు. బ్లేడును అన్నాం, మార్చాం. చివరికి నేరమంతా సబ్బు బిళ్ళ మీద పడింది. సరిగ్గా అప్పుడే భివండి నుంచి మా మేనమామ దిగాడు. అక్కడ పవర్‌లూముల మీద పనిచేసేవాడు. వస్తే పూలచొక్కా, నూనె తల, సంచిలో ఏదో ఒక వింత. ఈసారి వింత, క్రీము గొట్టం.

"బావా, లోకం ఏడికో పోయింది. మీరింక బిళ్ళ పట్టుకోని రాకుతుండ్రు," అన్నాడు. "గిది చూడుండ్రి. ఇట్ల ఒత్తితే వస్తది, అట్ల రుద్దితే పొంగుతది. ఆరదు."

"ఆరకపోతె ఎట్లరా?" అన్నాడు బాపు.

"మొఖం బావా అది. పడుగు కాదు."

ఇల్లు రెండు పార్టీలైంది. మామ, నేను క్రీము పార్టీ. అక్క సబ్బు పార్టీ. క్రీము శాస్త్రీయమని, చర్మానికి చలవని, భివండిలో డాక్టర్లందరూ అదే వాడతారని నేను గట్టిగా వాదించాను. నాకు భివండిలో ఒక్క డాక్టరూ తెలియదు. పైపెదవి మీద కొత్తగా నూగు వస్తోంది, ఆ గొట్టం ఎలాగైనా ఇంట్లో ఉండిపోవాలి, అంతే నా శాస్త్రం. అమ్మ ఏ పార్టీలోనూ చేరలేదు. కండెలు చుడుతూ మా వాదనలన్నీ వింది. వింటూ బాపు చేతిని చూసింది. మేమందరమూ చూశామనే అనుకుంటాను. చూసి, మళ్ళీ సబ్బు గురించి మాట్లాడాం.

క్రీముతో మొదటిసారి గీసుకున్నరోజే సేటు వచ్చాడు. నురుగైతే మామ చెప్పినట్టే చిటికెలో పొంగింది. ఆ తర్వాత మాత్రం మామ చెప్పినట్టు జరగలేదు. రెండు చెంపల మీదా పేపరు ముక్కలు అంటించుకుని బాపు మగ్గం దగ్గర కూర్చున్నాడు.

"ఏంది రాజయ్యా, పిల్లి గీకిందా?" అన్నాడు సేటు.

"కొత్త క్రీము సేటూ. నాకు పడలే."

సేటు నవ్వాడు. నవ్వుతూనే చెంపల మీంచి చూపు మగ్గం మీదికి దించాడు. అంచు మీద వేలు పెట్టి, ఎప్పటికన్నా నిదానంగా నడిపించాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ నెమలి మెడ కొంచెం వంకర పోయింది. సేటు వేలు తీశాడు. "ఈ పడుగు కానియ్యి. కొత్త నూలు సంగతి వచ్చే వారం మాట్లాడుదాం," అని చెప్పులేసుకున్నాడు.

ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అంచు పని పోతుందన్నది ఒక బాధ. అంతకన్నా పెద్దది, అది ఎలా పోతుందన్నది. వచ్చే వారం సేటు మా వాకిట్లో, నలుగురి ముందు, నీ చేయి పోయింది రాజయ్యా అంటాడు. బాపు తన ముఖం మీద తానే గీతలు గీసుకుని సేటుకు చూపించినట్టయింది. ఆ వారమంతా బాపు కూర్చున్నచోట కూర్చోలేదు, నిలబడ్డచోట నిలబడలేదు. పోగు నేసే నాడె చేతిలోకి తీస్తాడు, పెడతాడు. దర్వాజ దాకా పోతాడు, తిరిగి వస్తాడు. ఇప్పుడు నేను ఇంట్లో తిరిగేది అచ్చం అలాగే. విమల వచ్చేనాటికి ఆయన ఆ తిరుగుడు మానేసి చాలా కాలమైంది, లేకపోతే పోల్చేసి ఉండేది.

మామ భివండి పోయాడు. పడుగు అయిపోయింది, మగ్గం ఖాళీ అయింది. సేటు రావడానికి ముందురోజు పొద్దున అమ్మ వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. పగలు మా ఇంటి తలుపు మూసి ఉండటం నేను చూడటం అదే మొదలు. క్రీము గొట్టం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇగో, నువ్వు రుద్దుకో." తర్వాత బాపు వైపు తిరిగింది.

"గుంటలకు దిగు."

"ఎందుకే?"

"దిగుమన్న గద."

బాపు దిగాడు. లోపల బాసింపట్టు వేసి కూర్చుంటే ఆయన తల, మెడ మాత్రమే నేల పైకి కనిపించాయి. అమ్మ గుంట అంచున, ఆయన ఎప్పుడూ కూర్చునే జాగాలో కూర్చుంది. ఆయన ముఖం సరిగ్గా ఆమె చేతులకు అందే ఎత్తులో ఉంది. సత్తు గిన్నె, సబ్బు బిళ్ళ, చిన్న కుంచె ఆయన చేతిలో పెట్టింది.

"నురుగు నువ్వు చెయ్యి. గీసుడు నేను గీస్త."

"నువ్వెన్నడన్న గీసినవా?"

"నీ పడుగుల చిక్కులు ఎవలు తీసిన్రు? ఒక్క పోగు తెగకుండ ఎవలు తీసిన్రు? చెయ్యి నురుగు."

అప్పటికి సబ్బు పార్టీ గెలిచిందన్న కోపం నాలో ఉంది. గొట్టం చేతిలో పట్టుకుని ఉండబట్టలేక అన్నాను: "అమ్మా, క్రీమైతె జల్ది అయితది."

"జల్ది అయితె మీ బాపు ఏం జెయ్యాలె?" అంది అమ్మ, నా వైపు తిరగకుండానే. "ఊకె మొఖం అప్పజెప్పి కూసోమంటవా?"

బాపు రుద్దడం మొదలుపెట్టాడు. అంతకాలం మేమెవరం పేరు పెట్టని ఆ వణుకు కుంచెలోకి దిగింది. నేను అలాంటి నురుగు మళ్ళీ చూడలేదు. గిన్నె దాటి పైకి లేచింది, పెరుగులా నిలబడింది. ఇంటి కప్పు దాకా లేచిందని రాయాలని ఉంది, రాయను. రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీసి చూసుకున్నాడు. "చిక్కగైంది," అన్నాడు. వారం తర్వాత ఆయన నోటి నుంచి తన పని గురించి వచ్చిన మొదటి మంచి మాట. అమ్మ ఆరనివ్వలేదు. బొటనవేలితో చెంప బిగలాగి, నూలు పోగులు విడదీస్తున్నదానిలా గీస్తూ పోయింది. "మూతి బిగవట్టు," అన్నది మధ్యలో. ఒక్క చుక్క నెత్తురు కనిపించలేదు.

మర్నాడు సేటు వచ్చేదాకా బాపు ఆగలేదు. తెల్ల చొక్కా వేసుకుని తానే సేటు దుకాణానికి బయల్దేరాడు. నన్ను వెంట రమ్మన్నాడు. గద్దె మీద కూర్చుని ఉన్న సేటు బాపు చెంపలు చూశాడు. రెండూ నున్నగా ఉన్నాయి. చెప్పాలనుకున్న మాట ఏదో నోట్లోనే ఉండిపోయినట్టు కనిపించాడు.

"సేటూ, అంచు పని ఇగ నాతోని కాదు," అన్నాడు బాపు. "సాదా నూలియ్యి."

"ఏమాయె రాజయ్యా?"

"చెయ్యి వణుకుతున్నది."

అంతే. మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ అనని మాటను బజారులో, నిలబడి, మామూలు గొంతుతో అనేశాడు. ఆ మాటకు సేటు గద్దె దిగి బాపు చేతులు పట్టుకున్నాడని నా పెళ్ళి కొత్తలో విమలకు చెప్పాను. దిగలేదు. పాన్ నమలడం ఆపాడు. "తువ్వాలల నూలున్నది, నేస్తవా?" అన్నాడు. "నేస్త," అన్నాడు బాపు. తిరిగి వస్తుంటే దారంతా తన చెంపలు తానే తడుముకుంటూ నడిచాడు. ఆ తర్వాత ఆయన తువ్వాలలే నేశాడు, గడ్డం అమ్మే గీసింది, నురుగు చివరిదాకా ఆయనే చేశాడు. ఇంట్లో సబ్బా క్రీమా అన్న మాట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. పొద్దున్నే పోగులు కట్టే చోట కార్లు నిలబెడుతున్నారు. నల్లాలో రిజర్వాయరు నీళ్ళు వస్తున్నాయి, ఉప్పు లేదు, ఏ సబ్బయినా నురుగు పడుతుంది. నీళ్ళ మీద నేరం మోపే వీలు కూడా నాకు లేకుండా పోయింది. మా గుంట పూడ్చి బండలు పరిచాం, దాని మీద ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. అన్వర్ అరలో ఒత్తగానే తయారైన నురుగు వచ్చే డబ్బాలున్నాయి. వాటికి కుంచె కూడా అక్కర్లేదు. మంచివే, నేను కాదనను. తొందర ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. ఆ డబ్బా చేతికిస్తే మా బాపు గుంటలో కూర్చుని ఏం చేసేవాడా అని మాత్రం అనిపిస్తుంది.

ఇది రాస్తూ మధ్యలో లేచాను. లేచి కొత్త సబ్బు బిళ్ళ వేడినీళ్ళలో నానబెట్టాను. వెనక వాకిట్లో మెట్టు మీద కూర్చుని, అద్దం ఎదురుగా పెట్టుకుని రుద్దాను. అన్వర్ చెప్పినంత కష్టమేమీ లేదు. నా చేయి దానంతటదే చేసింది. నురుగు నిలబడింది. రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీసి చూశాను. ముఖానికి పట్టించుకుని, రేజరు తీసి గదవ కింద ఆనించి, ఆగాను. అద్దంలో రేజరు కదులుతోంది. నేను కదపడం లేదు.

విమల బియ్యం చెరిగే చాట పక్కన పెట్టి వచ్చింది. కుర్చీ కూడా తెచ్చుకుంది.

"ఏమాయె? సబ్బు సుత ఖరాబున్నదా?"

జవాబు తయారుగా ఉంది నా దగ్గర. అన్వర్ పాత సరుకు అంటగట్టాడు, ఏళ్ళ కిందటి బిళ్ళ, ఎండిపోయింది, జిడ్డు పోయింది. నోరు కూడా తెరిచాను.

"సబ్బు మంచిదే," అన్నాను.

ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మరి క్రీము?"

"గది సుత మంచిదే."

"బ్లేడు?"

"మంచిదే."

"అద్దం?"

"అద్దంల మచ్చ ఉన్నది," అన్నాను.

కుర్చీ ముందుకు జరుపుకుని నా చేతిలోంచి రేజరు తీసుకుంది. గిన్నె తీసుకోబోతే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కుంచె తిప్పుతూనే ఉన్నాను. రెండో చెంపకు నురుగు కావాలి కదా.